పాత సిస్టమ్‌కి ఎస్‌ఎస్‌డీ: ఏది కొనాలి, ఏం చూసి కొనాలి

అనంతపురంలో ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లి సిస్టమ్ స్లో అయిందని చెప్పినా, "ఎస్‌ఎస్‌డీ వేయించు అన్నా, రాకెట్ అయితాది" అంటారు. ఎస్‌ఎస్‌డీ అంటే పాత హార్డ్ డిస్క్ బదులు వేసే, ఫైళ్లని చిప్‌లలో దాచే డిస్క్. షాపువాళ్ల మాట చాలావరకు నిజమే. కానీ ఏ ఎస్‌ఎస్‌డీ అని అడిగితే, ఆ రోజు షాపులో ఏది ఉంటే అదే మంచిదవుతుంది. అందుకే షాపు మెట్లు ఎక్కేముందే ఇంట్లో కూర్చుని నాలుగు విషయాలు తేల్చుకోండి. మీ సిస్టమ్‌లో ఏది పడుతుందో చూసుకోండి. తర్వాత సైజు, వారంటీ చూడండి. అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో ఉండే వేగం అంకెలు చివర్లో చూసినా ఏం కాదు. ఇంటి వాడకానికి నేను చెప్పే వరుస ఇదే.

తప్పు డిస్క్‌దేనా?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి, ఎడమవైపు డిస్క్ 0 మీద క్లిక్ చేయండి. హెచ్‌డీడీ (హార్డ్ డిస్క్) అని కనిపిస్తే లోపల ఉన్నది తిరిగే పాత డిస్కే. ఎస్‌ఎస్‌డీ అని ఉంటే మాత్రం మీ సమస్య వేరే చోట ఉంది, ఇంకొకటి కొన్నా పెద్దగా మార్పు రాదు.

సిస్టమ్ ఆన్ చేశాక మొదటి పది నిమిషాలు ఆ పేజీనే చూడండి. గ్రాఫ్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, కింద చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలే చూపిస్తుంటే దోషం డిస్క్‌ది. ఇది చూసి చాలామంది వైరస్ అనుకుంటారు. నిజానికి హార్డ్ డిస్క్ లోపల పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటే, సన్నటి తల ఒకటి వాటి మీద అటూఇటూ జరుగుతూ చదవాలి. ఒకే పెద్ద సినిమా ఫైల్ అయితే గబగబా చదివేస్తుంది. విండోస్ లేచేటప్పుడు అడిగేవి వేల చిన్న చిన్న ఫైళ్లు, అవి ఒక్కోటి ఒక్కో చోట ఉంటాయి. రైతుబజారులో టమాటాకి ఒక మూలకి, ఎర్రగడ్డలకి ఇంకో మూలకి, కరివేపాకుకి మళ్లీ మొదటి మూలకి నడిచినట్టు ఉంటుంది దాని పని. అలా చోటు మారుతూ చదవడం సెకనుకు సుమారు వంద సార్లకు మించి దానివల్ల కాదు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే పని సెకనుకు వేల సార్లు చేస్తుంది. హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే అంత తేడా కనిపించేది ఇందుకే.

అదే టాస్క్ మేనేజర్‌లో మెమరీ కూడా చూడండి. 4 జీబీ ర్యామ్ ఉండి, బ్రౌజర్ తెరవగానే 90 శాతం దాటుతుంటే ఎస్‌ఎస్‌డీతో పాటు ఇంకో 4 జీబీ కూడా వేయించాలి. లేకపోతే విండోస్ చోటు చాలక డిస్క్‌నే మెమరీగా వాడుకుంటూ ఉంటుంది.

ఇంకో పని. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని పాత డిస్క్ ఆరోగ్యం చూడండి. నీలం రంగులో గుడ్ అని ఉంటే తొందరేం లేదు. పసుపు రంగులో కాషన్ అని వస్తే ఎస్‌ఎస్‌డీ సంగతి తర్వాత, ముందు ఆ రోజే ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, భూమి కాగితాల స్కాన్‌లు ఇంకో డిస్క్‌లోకి ఎక్కించండి. అలాంటి డిస్క్ రేపు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

మీ సిస్టమ్‌లో ఏది పడుతుంది

డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి నిదానంగా చూడండి.

ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీలు చూపుకి రెండు రకాలు. ఒకటి రెండున్నర అంగుళాల సాటా (హార్డ్ డిస్క్‌లని మదర్‌బోర్డుకి కలిపే పాత పద్ధతి) ఎస్‌ఎస్‌డీ. పలచటి చిన్న పెట్టెలా, 7 మిల్లీమీటర్ల మందంలో ఉంటుంది. సాటా కేబుల్ పట్టే ఏ డెస్క్‌టాప్‌కైనా, హార్డ్ డిస్క్ ఉన్న దాదాపు ఏ పాత ల్యాప్‌టాప్‌కైనా సరిపోతుంది. రెండోది ఎం.2. పెట్టె ఏమీ ఉండదు, బోర్డులోకి నేరుగా దూరే పచ్చటిదో నల్లటిదో సర్క్యూట్ ముక్క. ఎక్కువగా దొరికేది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. అందుకే దాన్ని 2280 అంటారు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో 2242, 2230 అనే పొట్టి రకాలే పడతాయి.

చిక్కు ఎం.2 దగ్గరే ఉంది. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా ముక్కలూ ఉంటాయి, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన పద్ధతి ముక్కలూ ఉంటాయి. ముక్కని చేతిలో పట్టుకుని బంగారు రంగు పళ్లున్న అంచు చూడండి. ఆ పళ్ల మధ్య ఒకే గాడి ఉంటే అది చాలావరకు ఎన్‌వీఎంఈ. రెండు వైపులా రెండు గాళ్లుంటే చాలావరకు సాటా. కానీ స్లాట్‌లో దూరింది కదా అని పనిచేస్తుందనుకోకండి. ఎన్‌వీఎంఈ మాత్రమే తెలిసిన స్లాట్‌లో సాటా ముక్క చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా బిగుసుకుంటుంది, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెరలో) మాత్రం పేరు కనిపించదు. అందుకే గాడిని చూసి కాక, మదర్‌బోర్డు మాన్యువల్ చూసి తేల్చుకోవాలి.

మీ బోర్డు పేరు తెలియకపోతే స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. బేస్‌బోర్డ్ ప్రొడక్ట్ అన్న వరుసలో ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే అడుగున అంటించిన స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూడండి. ఆ పేరుతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది. స్టోరేజ్ అన్న పేజీ ఒక్కటి చదివితే చాలు. స్లాట్ ఉందా, ఎంత పొడవు పడుతుంది, సాటానా ఎన్‌వీఎంఈనా, ఎం.2 వాడితే ఏదైనా సాటా పోర్టు ఆగిపోతుందా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపులో అది చూపించి అడిగితే మాట వేరుగా ఉంటుంది.

మాన్యువల్ దొరకని పాత అసెంబుల్డ్ సిస్టమ్‌లకి ఒక మోటు లెక్క చెబుతాను. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం బోర్డుల నుంచి ఎన్‌వీఎంఈ మీద విండోస్ బూట్ అవడం మామూలైంది. నాలుగో తరం, అంతకన్నా పాతవాటిలో కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ తగిలించినా, డిస్క్‌గా కనిపిస్తుందే తప్ప దాని నుంచి విండోస్ లేవడం కష్టం. అలాంటి సిస్టమ్‌కి వేరే ఆలోచన వద్దు, రెండున్నర అంగుళాల సాటా కొనేయండి.

డెస్క్‌టాప్‌కి సాటా కొంటే ఒక డేటా కేబుల్ కూడా అడిగి తీసుకోండి, మామూలుగా పెట్టెలో రాదు. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి ఖాళీ సాటా పవర్ వైరు ఉందో లేదో ముందే చూసుకోండి. లేకపోతే పాత నాలుగు పిన్నుల వైరుకి తగిలించే కన్వర్టర్ ఇస్తారు. ప్లాస్టిక్ కరిగించి పోసి మూసేసిన చవక రకం కన్వర్టర్ లోపల షార్ట్ అయి కాలిన సందర్భాలున్నాయి. దానికన్నా డీవీడీ డ్రైవ్ వైరు పీకి వాడుకోవడం మేలు, ఎలాగూ దాన్ని ఎవరూ వాడట్లేదు. ల్యాప్‌టాప్‌లో డీవీడీ డ్రైవ్ ఉంటే ఇంకా మంచిది. అసలు డిస్క్ ఉండే చోట ఎస్‌ఎస్‌డీ పెట్టి, పాత హార్డ్ డిస్క్‌ని క్యాడీ అనే చట్రంలో పెట్టి డీవీడీ చోట దూర్చొచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో వస్తాయి, కొనేముందు కొలవండి.

ఎంత సైజు

సీ డ్రైవ్‌లో ఇప్పుడు ఎంత నిండిందో చూసి, దానికి రెట్టింపు కొనండి. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌లో సుమారు 223 జీబీగా, 500 జీబీది 465గా, 1 టీబీది 931గా కనిపిస్తుంది. షాపువాళ్లు తక్కువ ఇచ్చారని గొడవ పడొద్దు. కంపెనీలు వెయ్యి లెక్కన కొలుస్తాయి, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది, అంతే తేడా.

బిల్లులు, టైపింగ్, ఆన్‌లైన్ క్లాసులు, అప్లికేషన్లు నింపడం వరకే అయితే 240, 256 సరిపోతాయి. అయినా నా సలహా 500 జీబీయే. విండోస్ అప్‌డేట్లు, ఫోన్ నుంచి దింపిన ఫొటోలు కలిసి 240ని తొందరగా నింపేస్తాయి. నిండే కొద్దీ ఎస్‌ఎస్‌డీ రాసే వేగం కూడా పడిపోతుంది. ఎప్పుడూ ఐదో వంతు ఖాళీ ఉంచుకోవాలి. ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే, గేమ్స్ ఆడితే, పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తే 1 టీబీకి వెళ్లండి. సినిమాలు, పాత పెళ్లి క్యాసెట్ల కాపీలు దాచడానికి ఎస్‌ఎస్‌డీ అక్కర్లేదు, పాత హార్డ్ డిస్క్ చాలు.

120, 128 జీబీవి ఇప్పుడు కొనొద్దు. ధర తేడా చూసుకుంటే దండగ.

పెట్టె మీద అంకెల్లో ఏవి పట్టించుకోవాలి

సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఆ కేబుల్ హద్దే అంత. పీసీఐఈ అనే దారి మీద నడిచే ఎన్‌వీఎంఈల్లో మూడో తరంవి 3,500 వరకు, నాలుగో తరంవి 7,000 వరకు వెళ్తాయి. అంకెలు చూస్తే ఆరు రెట్లు, పన్నెండు రెట్లు. ఇంట్లో విండోస్ లేవడంలో, వర్డ్ తెరవడంలో మాత్రం సాటాకీ ఎన్‌వీఎంఈకీ తేడా కొద్ది సెకన్లే. ఆ పెద్ద అంకెలు పనికొచ్చేది వీడియో ఎడిటింగ్‌కి, ఎప్పుడూ పెద్ద ఫైళ్లు కాపీ చేసేవాళ్లకి. స్లాట్ మూడో తరందైతే నాలుగో తరం ముక్క కూడా పనిచేస్తుంది, కాకపోతే మూడో తరం వేగంతోనే. ఎన్‌వీఎంఈ పట్టే స్లాట్ ఉండి, ధర సాటాతో సమానంగా ఉంటే ఎన్‌వీఎంఈయే తీసుకోండి. దానికోసం బోర్డు మార్చడం మాత్రం వద్దు.

వేగం కన్నా ముఖ్యమైనవి మూడున్నాయి. మొదటిది వారంటీ, కొన్నిటికి మూడేళ్లు, కొన్నిటికి ఐదేళ్లు. ఇందులో రాజీ పడకండి. రెండోది లోపల చిప్ రకం. ఒక్కో గదిలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. క్యూఎల్‌సీ చవక, కానీ పెద్ద ఫైళ్లు రాస్తున్నప్పుడు సగంలో చతికిలబడుతుంది, కొన్ని హార్డ్ డిస్క్ కన్నా తక్కువ వేగానికి పడిపోతాయి. సీ డ్రైవ్‌గా టీఎల్‌సీ కొనండి. పెట్టె మీద రాయకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి. అక్కడ కూడా చెప్పని బ్రాండ్‌ని నేనైతే కొనను. మూడోది డీర్యామ్. చిప్‌ల లెక్కలు రాసి పెట్టుకునే చిన్న మెమరీ అది. సాటాలో అది ఉంటే మంచిది. ఎన్‌వీఎంఈలో లేకపోయినా, ఆ ముక్క సిస్టమ్ ర్యామ్‌లోనే కొద్దిగా వాడుకుంటుంది కాబట్టి ఇంటికి సరిపోతుంది.

టీబీడబ్ల్యూ అని ఇంకో అంకె ఉంటుంది. వారంటీ చెల్లడానికి మొత్తం ఎంత రాయొచ్చో చెబుతుంది. రాస్తే అరిగిపోతుందట కదా అని చాలామందికి టెన్షన్. లెక్క వేసి చూడండి. 150 టీబీడబ్ల్యూ ఉన్న 250 జీబీ ఎస్‌ఎస్‌డీలో రోజూ 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టీబీ. ఇరవై ఏళ్లు పడుతుంది. ఇంటి వాడకంలో రోజుకి 20 జీబీ రాసేవాళ్లే తక్కువ.

మన ఎండ, మన కరెంటు

అనంతపురం, కర్నూలు, కడప ఏదైనా సరే, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మనకి మామూలు. ఎస్‌ఎస్‌డీలు సాధారణంగా 70 డిగ్రీల వరకు తట్టుకుంటాయి. సాటాకి వేడి సమస్య పెద్దగా రాదు. ఎన్‌వీఎంఈ మాత్రం బాగా పనిచేస్తున్నప్పుడు కాగి, తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అసలే మూడో తరం ముక్కలు తక్కువ వేడెక్కుతాయి, మన ఊళ్లకి అదొక లాభం. నాలుగో తరం కొంటే బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పలక) తప్పక బిగించండి, దాని కింద ఉన్న పలచటి ప్లాస్టిక్ పొర పీకడం మర్చిపోవద్దు. ఎలాగూ సీపీయూ డబ్బా తెరుస్తారు కాబట్టి దుమ్ము కూడా ఊదించండి. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాలి.

ఎండకన్నా ఎక్కువ భయపడాల్సింది కరెంటు పోకకి. ఎస్‌ఎస్‌డీ ఏదో రాస్తున్నప్పుడు ఉన్నట్టుండి కరెంటు పోతే ఫైళ్లు పాడవొచ్చు, కొన్నిసార్లు డిస్కే తెరుచుకోదు. ఇంటికి కొనే రకాల్లో దీనికి పూర్తి రక్షణ ఉండదు. డెస్క్‌టాప్‌కి 600 వీఏ యూపీఎస్ చాలు, ఫైల్ సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైమ్ ఇస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టండి. బడ్జెట్ తక్కువుంటే నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ మానేసి సాటా, యూపీఎస్ రెండూ కొనమంటాను.

ఇంకో జాగ్రత్త. ఫొటోలు ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో ఏళ్ల తరబడి దాచొద్దు. కరెంటు తగలకుండా, అందులోనూ వేడి గదిలో ఉంటే, దానిలోని డేటా మెల్లగా చెదిరిపోతుంది. దాచడానికి హార్డ్ డిస్కే నయం.

కొనే చోట

అనంతపురం వాళ్లకి బెంగళూరు ఎస్‌పీ రోడ్డు, కర్నూలు వాళ్లకి సికింద్రాబాద్ సీటీసీ, కడప వాళ్లకి చెన్నై రిచీ స్ట్రీట్ గుర్తొస్తాయి. వేరే పని మీద వెళ్తే అక్కడ కొనండి, తప్పులేదు. ఎస్‌ఎస్‌డీ ఒక్కదాని కోసం వెళ్లక్కర్లేదు. రేపు వారంటీకి మళ్లీ అంత దూరం పోవాలి. అదే మోడల్ మన ఊళ్లో కొంచెం ఎక్కువైనా దొరికితే ఇక్కడే తీసుకోవడం నయం. మెమరీ ధరలు తరచూ మారతాయి కాబట్టి, కొనే రోజు ఆన్‌లైన్ ధర చూసుకుని షాపుకి వెళ్లి అడగండి.

బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం జీఎస్టీ మిగులుతుందంటారు. వద్దు. బిల్లు లేని ఎస్‌ఎస్‌డీకి వారంటీ అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు. బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి. సీల్ మీ ముందే తెరిపించండి. పెట్టె మీది సీరియల్ నంబరు, ముక్క మీది నంబరు ఒకటేనా చూసి, వారంటీ చెక్ చేసే పేజీ ఉన్న కంపెనీ అయితే అక్కడే ఫోన్‌లో కొట్టి చూడండి. పేరున్న బ్రాండ్లకి నకిలీలు బజార్లో తిరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లో అయితే 16 టీబీ ఎస్‌ఎస్‌డీ రెండు వేలకి అని కనిపించేవన్నీ మోసమే. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, పెద్ద సైజు ఉన్నట్టు చూపిస్తారు. నిండాక రాసినవన్నీ మాయమవుతాయి.

సెకండ్ హ్యాండ్ ఇస్తానంటే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో హెల్త్ శాతం, ఎన్ని గంటలు నడిచిందో చూడకుండా చేతిలోకి తీసుకోవద్దు.

బిగించే రోజు

ముందు డేటా కాపీ. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు ఎవరికీ గుర్తుండవు, అవి కూడా తీసుకోండి. తెలుగు డీటీపీ చేసేవాళ్లు తమ ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రామ్‌ల సెటప్ ఫైళ్లు పక్కన పెట్టుకోవాలి. ట్యాలీ వాడే దుకాణదారులు కంపెనీ డేటా బ్యాకప్ తీసి, పాత డిస్క్ పీకేముందే లైసెన్స్ సరెండర్ చేయాలి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే ఆపండి, రికవరీ కీ కాగితం మీద రాసుకోండి.

పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి దింపడాన్ని క్లోన్ అంటారు. కొన్ని కంపెనీలు తమ ఎస్‌ఎస్‌డీతో ఉచితంగా ప్రోగ్రామ్ ఇస్తాయి, క్లోన్‌జిల్లా అందరికీ ఉచితం. సిస్టమ్ బాగా నడుస్తుంటే క్లోన్ చేయండి. ఏళ్ల చెత్త పేరుకుపోయి ఉంటే కొత్తగా విండోస్ వేయడమే హాయి. అలా వేసేటప్పుడు పాత డిస్క్ కేబుల్ పీకేసి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచండి. లేకపోతే విండోస్ తన బూట్ ఫైళ్లు పాత డిస్క్‌లో పెట్టేస్తుంది, తర్వాత దాన్ని తీసేసిన రోజు సిస్టమ్ లేవదు. డిస్క్ మారినా విండోస్ లైసెన్స్ సాధారణంగా పోదు, అది ఎక్కువగా మదర్‌బోర్డుని చూసి గుర్తుపడుతుంది. పాత సిస్టమ్‌లో కొత్తగా విండోస్ వేసేముందు బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఏడో తరం, అంతకన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్ 11 అధికారికంగా రాదు, ఎస్‌ఎస్‌డీ వేసినంత మాత్రాన అది మారదు. అలాంటి సిస్టమ్‌లో నెట్, టైపింగ్ వరకే పనైతే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసి చూడండి. ఎస్‌ఎస్‌డీ మీద చాలా తేలిగ్గా నడుస్తుంది, తెలుగు టైపింగ్ కూడా వస్తుంది.

ఎం.2 ముక్క దూర్చేటప్పుడు సుమారు 30 డిగ్రీల వాలుతో పెట్టి, పళ్లు లోపలికి పోయాక మెల్లగా కిందికి నొక్కి స్క్రూ బిగించాలి. ఆ స్క్రూ గోరంత కూడా ఉండదు, ముందే తెల్లటి ప్లేటులో పెట్టుకోండి. బోర్డు మీద స్క్రూ దిగే చిన్న ఇత్తడి పోస్టు ఉందో లేదో షాపుకి వెళ్లేముందే చూసుకోండి, చాలా అసెంబుల్డ్ సిస్టమ్‌లలో అది పెట్టెతో పాటే ఎక్కడికో పోయి ఉంటుంది.

ఎక్కించాక, హార్డ్ డిస్క్‌లో ఫైళ్లు సర్దే డీఫ్రాగ్ ప్రోగ్రామ్‌లేవీ వేయొద్దు. ఆప్టిమైజ్ డ్రైవ్స్ తెరిచి, అక్కడ మీడియా టైప్ సాలిడ్ స్టేట్ డ్రైవ్ అని ఉందో లేదో చూస్తే చాలు, మిగతాది విండోస్ చూసుకుంటుంది. పాత డిస్క్‌ని నెల రోజులు అలాగే ఉంచండి, ఏదో ఒక ఫైల్ దొరకలేదని గుర్తొచ్చేది ఆ నెలలోనే. తర్వాత రెండో డిస్క్‌గా పెట్టుకోండి. పాత సామానుకి వేసేస్తుంటే మాత్రం డిలీట్ కొట్టి ఊరుకోవద్దు. క్విక్ ఫార్మాట్ టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. మీ ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్కుల స్కాన్‌లు అందులో ఉన్నాయి.